మబ్బు పట్టిన రోజు బెల్లం లెక్క

బెల్లానికి మబ్బంటే పడదు.
మండీలో చేరిన తొలివారమే నేర్చుకున్న మాట ఇది.
కట్టమంచి పక్కనుంచి మోడం కమ్మితే చాలు
ముద్దలు చెమరుస్తాయి,
గోనెపట్ట కింద నేల జిడ్డవుతుంది,
చీమలకు మనకంటే ముందే కబురు పోతుంది.

అట్లాంటి కొట్లో కూర్చోబెట్టి
లెక్కలన్నీ ఇకమీద మబ్బులో ఉంటాయని
షావుకారు ఏకాంబర మొదలియారు చెప్పినప్పుడు
నేను నవ్వలేదు.
హమాలీ గుర్రప్ప నవ్వినాడు.
"కాగితాలు చెమర్చవా సామీ?"

మొన్న కంప్యూటరు ఎర్రగీత చూపించింది.
సీ డ్రైవ్ నిండిపోయిందంట.
గోదాము నిండితే ఏం చేస్తాం,
పాత సరుకు తీసి బయటేస్తాం.
నేనూ అదే చేసినా.
ఐదేండ్ల కిందటి పట్టీలు, ఐరాలవి, పెనుమూరువి,
పైన ఉంటాయి గదా అని
ఒక్కటొక్కటే తుడిచేసినా.

అరగంటకు వేలూరు నుంచి షావుకారు ఫోను.
"గజలక్ష్మీ, నా సెల్లులో ఐరాల ఏమైంది?"

అద్దం తుడస్తా ఉండానని అనుకున్నా.
తుడిచింది మొహాన్ని.

గ్రీమ్స్‌పేట నుంచి ఖాదర్ వలీ వచ్చినాడు.
టీ వద్దన్నాడు, రోజా ఉండాడంట.
చెత్తబుట్టలో చెయ్యిపెట్టి
ఐరాలను లేపినాడు, పెనుమూరును లేపినాడు.
నాకు ఊపిరి తిరిగినాక అడిగినాడు:
"ఫోల్డరు ఎక్కడ పెడదామక్కా?"

మబ్బులో దానికి చోటేందిరా?

"మబ్బయినా నేల మీద నీడ వెయ్యాల గదక్కా.
ఆ నీడ సీ లో పడతా ఉండాది.
డీ ఖాళీగా పడుండాది."

తెర మీద చిన్న కిటికీ తెరుచుకుంది.
స్థలం ఎంచుకోండి, అనింది.

చోటెంచడం నాకు ఒకరు నేర్పాల్నా?
గోడకు ఆనించకూడదు.
పలకలెత్తి పెట్టాల, కింద గాలాడాల.
కిరసనాయిలు డబ్బా పక్కన అసలొద్దు,
వాసన పట్టిన ముద్దను దేవుడు కూడా తినడు.
ఇరవై రెండేండ్లుగా ఈ చేత్తో చోట్లు చూపిస్తానే ఉండా.
డీ లో కొత్త ఫోల్డరు తెరిపించి
పేరు నేనే కొట్టినా: మెట్ట.

తరలడానికి గంటా పది నిమిషాలు.
పచ్చగీత నిండేదాకా
గుర్రప్ప తలగుడ్డ చంకలో పెట్టుకుని నిలబడినాడు,
కాటా ముల్లు ఆగేదాకా నిలబడినట్టు.

అంతటితో అయిపోలేదు.
కొన్ని పేర్ల పక్కన మబ్బు బొమ్మ, కొన్నిటికి పచ్చ టిక్కు.
"మబ్బున్నవి పేరుకే ఇక్కడుంటాయక్కా,
నెట్టుంటేనే తెరుచుకుంటాయి.
టిక్కు పెట్టినవి నెట్టు పోయినా నీతోనే.
ఏవి ఉంచమంటావు?"

ఓహో. మచ్చుముక్క బల్లమీద, ముద్ద ఇంకో ఊర్లో.

లారీ బిల్లులు మబ్బులోనే ఉండనీ.
జీఎస్టీ ఉండనీ, దానికి చెమర్చినా ఫరవాలేదు.
తరుగు పద్దు దగ్గర చెయ్యాగింది.
ఎవరి ముద్దలో ఎంత కరిగిందో
ఎవరి లెక్కలో మనమెంత కోసినామో
ఆ రెండు వరుసలూ పక్కపక్కనే ఉండేది దాంట్లోనే.
షావుకారు దాన్ని ఎప్పుడూ తెరవడు.
బంగారుపాళ్యం నుంచి దొరసానమ్మ
నెలకోసారి బస్సు దిగి వచ్చి తెరిపిస్తుంది.
అక్షరం రాదు.
తన గడి ఎక్కడుందో మాత్రం తెలుసు,
తెరమీద వేలు పెట్టి, "ఇది చదువు మే" అంటుంది.
ఆ వేలి మచ్చ తుడిచినా పోదు.

నెట్టు లేదు, రేపు రా, అని
ఆమెతో నేను అనలేను.

టిక్కు పెట్టు, అన్నా.

సాయంత్రం అకాలం వాన.
మురకంబట్టు దిక్కు నల్లగా మూసుకుంది.
బయట మోడం,
లోపల మోడెం మీద దీపాలు ఒక్కొక్కటే ఆరినాయి.
టార్పాలు లాగతా గుర్రప్ప అరిచినాడు:
"మెట్ట తడిసిందా అమ్మా?"

తెరిచినా. తెరుచుకుంది.
దొరసానమ్మ గడి, ఉండాల్సిన చోటే ఉండాది.

ముద్దలు మాత్రం చెమరుస్తానే ఉండాయి.
రేపు మళ్లీ తరుగు రాయాల.